నేయని అంచు

జంజాన్,
10 మెహర్ 1368

మేబోద్‌లో జీలూ తివాచీలు నేసే ఉస్తా రజబలీ గారికి,

మీరు నన్ను ఎరగరు. నా పేరు ఫత్తాహ్. జంజాన్ బజారులో చెప్పులు కుడతాను. సరిహద్దులో పదకొండు నెలలు మీ అబ్బాయి జలీల్ పక్కనే పడుకున్నాను. వాడి గురక భరించినవాడిని కాబట్టి మీ ఇంటివాడినే అనుకోండి.

యుద్ధం ఆగి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. మొదట కాలు బాగుపడాలి అనుకున్నాను. తర్వాత కొట్టు తెరవాలి అనుకున్నాను. ఆ రెండూ అయ్యాక చెప్పుకోవడానికి సాకులు కూడా మిగల్లేదు.

జలీల్ పేరు ఇంకా ఆచూకీ లేనివాళ్ళ జాబితాలోనే ఉందని విన్నాను. ఆ రోజు వాడితో ఆఖరున ఉన్నది నేనే. కొన్ని మాటలు ఎదురుగా కూర్చునే చెప్పాలి. దానిమ్మలు పండే వేళకు మీ ఊరు రమ్మని వాడు నన్ను ఎప్పుడూ పిలిచేవాడు. మీరు సరేనంటే ఆబాన్ నెల మొదట్లో వస్తాను.

మీ బిడ్డలాంటివాడు,
ఫత్తాహ్


మేబోద్,
28 మెహర్ 1368

ఫత్తాహ్ అన్నకు,

నేను జలీల్ చెల్లెలిని, ఎస్మత్‌ని. నాన్నకు చదువు రాదు. జీలూల అంచుల్లో అక్షరాలు నేస్తాడు గానీ ఆయనకు అవన్నీ పోగుల లెక్కే. అందుకని ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు:

"అబ్బాయ్, రా. అడగడమేంది? యజ్ద్‌లో బస్సెక్కి పాత సరాయి సత్రం కాడ దిగు. డ్రైవరు కోట కాడ దింపుతానంటాడు, ఒప్పుకోమాక, నడక దండగ. సరాయి ఎదురుగా మంచు దాచే గుమ్మటం ఉంటది, దాని ఎనక సందు. నీలం చేతుల రజబలీ ఇల్లేదంటే కుక్కలు కూడా చూపిస్తాయి. జంజాన్ చాకులు అయ్యీ ఇయ్యీ మోసుకు రామాక. ఖాళీ కడుపుతో రా, చాలు."

ఇక ఇది నా మాట. ఆయనకు చదివి వినిపించను. మా అమ్మ గుండె జబ్బు మనిషి. జలీల్ కబురు తెలియని రోజు నుంచీ మంచం దిగడం లేదు. ఆమె ముందు గట్టి మాట ఏదీ అనొద్దని వైద్యుడు చెప్పాడు. మీరు తెచ్చేది చెడ్డ కబురైతే ముందు నా చెవిన వేయండి. వాకిట్లో చెప్పులు విడిచే చోటే నిలబడి ఉంటాను.

మీ చెల్లెలు,
ఎస్మత్


జంజాన్,
20 ఆబాన్ 1368

ఉస్తా గారికి, అమ్మకు, ఎస్మత్ చెల్లెమ్మకు,

నాలుగు రోజులు మీ ఉప్పు తిన్నాను. బస్సులో కూర్చుని చూసుకుంటే సంచిలో నా బట్టల కంటే అమ్మ కుక్కిన దానిమ్మలే ఎక్కువున్నాయి. పక్కసీటు వాళ్ళకు పంచుతూ వచ్చినా ఇంకా సగం మిగిలాయి.

వాకిట్లో నిలబడతానన్నావు చెల్లెమ్మా, నిలబడ్డావు కూడా. కానీ నేను జోళ్ళు విప్పకముందే అమ్మ గోడ పట్టుకుని నడుస్తూ, నిన్ను పక్కకు తోసుకుని వచ్చేసింది. చేతిలో వలిచిన దానిమ్మ గింజల గిన్నె. "మావాడు తిన్నాడా నాయనా? ఆ రోజన్నా కడుపులో ఏమన్నా పడిందా?" అంది. తర్వాత నా మొహంలోకి చూసి గొంతు తగ్గించి, "ఉన్నాడుగా?" అంది. నేను చెప్పింది మీరంతా విన్నారు. చేతులు పైకెత్తి అవతలి సైనికుల వెంట నడిచి వెళ్ళాడు. నా కళ్ళతో చూశాను. ఖైదీల జాబితాలు సగం తప్పులే. పేరు కనపడనంత మాత్రాన మనిషి లేడని కాదు. ఇదంతా మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, కాగితం మీద ఉంటే అమ్మ ఎప్పుడడిగినా చదివి వినిపించవచ్చు.

ఊరు జలీల్ చెప్పినట్టే ఉంది. సరాయి గోడ నీడన టీ పోసే ముసలాయన నాది ఏ ఊరని అడిగాడు. జంజాన్ అనగానే, "అయితే ఒంటెల దారినే వచ్చావన్నమాట. బాగా లేటయ్యావు బాబూ, మీవాళ్ళు వందేళ్ళ కిందే వెళ్ళిపోయారు" అన్నాడు. నవ్వాను. జలీల్ ఊళ్ళో జలీల్ లేకుండా నవ్వినందుకు సిగ్గేసింది.

నాకు మరుపురానిది మీ నేలమాళిగ. ఇరవై మెట్లు, కప్పులో ఒక్క చిల్లు, దాని కింద మగ్గం. ఉస్తా గారు జీలూ చుట్ట విప్పి మొదటి అంచు చూపించారు. నీలం నూలు మీద తెల్లటి అక్షరాలు: రజబలీ కొడుకు జలీల్ పేరిట మసీదుకు వక్ఫ్. "వాడు బయల్దేరిన వారం మొదలెట్టా. మా ఇంటి ఆనవాయితీ ఇది. మొదటి అంచులో పేరు, ఆఖరి అంచులో దువా. మనిషి ఉంటే ఒంటికి మేలు కోరతాం. పోతే ఆత్మకు శాంతి కోరతాం. ఒళ్ళంతా నేసేశా. ఆఖరి మూరే మిగిలింది. ఏ దువా నెయ్యమంటావ్ అబ్బాయ్?" అన్నారు. ఆయన వెలుతురు కోసం కప్పులోకి చూస్తుంటే ఆ పేరు మీద చెయ్యి పెట్టి చూశాను. నూలు చల్లగా ఉంది. "టీ చల్లారిపోతాంది, పద" అని ఆయన చుట్ట మూసేశారు.

అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఒంటికి మేలు కోరే దువానే నేయండి ఉస్తా గారూ.

మీ
ఫత్తాహ్


మేబోద్,
9 దేయ్ 1368

ఫత్తాహ్ అన్నకు,

మీ ఉత్తరం అమ్మ తలగడ కింద ఉంది. రోజుకోసారి చదివిస్తుంది. నేను ఒక్క మాట మింగినా పట్టేస్తుంది. ఏడాదిన్నర మంచం దిగని మనిషి నిన్న పొయ్యి ముందు కూర్చుని పెద్ద గిన్నెతో షోలీ జావ కాచి, సందులో అందరికీ పంచింది. జలీల్ దుప్పట్లు ఎండలో వేసింది. "నీ చేతి వంట తింటే వాడు మళ్ళీ పారిపోతాడే" అని నన్ను దెప్పుతోంది. ఆ దెప్పుడు విని ఎన్నాళ్ళయిందో. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను అన్నా, సంతోషంతోనే.

నాన్న సంగతే నాకు అంతుపట్టడం లేదు. ఇంత మంచి కబురు విన్న మనిషి మగ్గం ఎక్కాలి కదా? మీరు వెళ్ళిన రోజు నుంచి మాళిగ మెట్లు దిగలేదు. "దువా ఏదో తెలిసిందిగా నాన్నా, నేసెయ్" అంటే, "నీలం రంగు ఇంకా ఆరలేదే" అంటాడు. మసీదు పెద్ద వచ్చి అడిగితే ఆయనకూ అదే జవాబు. ఏ నూలు రెండు నెలలు ఆరుతుందో చెప్పండి.

నిన్న నన్ను పిలిచి, మీకు ఒక ప్రశ్న రాయమన్నాడు: "అబ్బాయ్, ఆ రోజు మావాడు నీళ్ళు తాగాడా?"

ఇంకేమన్నా రాయనా అని అడిగాను. "చాలు. అదొక్కటే" అన్నాడు.

మీ చెల్లెలు,
ఎస్మత్


జంజాన్,
2 బహ్మన్ 1368

ఉస్తా గారికి,

తాగాడు. నా సీసాలో మిగిలినవన్నీ తాగాడు. చల్లటివి కావు గానీ మంచినీళ్ళే.

ఇక్కడ మంచు మోకాలి లోతు కురిసింది. బజారులో మనిషి లేడు. అమ్మను అడిగానని చెప్పండి.

ఫత్తాహ్


మేబోద్,
10 ఓర్దీబెహెష్త్ 1369

ఫత్తాహ్ అన్నకు,

అమ్మ పోయింది. కొత్త సంవత్సరం ఇంకా ఐదు రోజులుందనగా, ఇల్లంతా దులుపుతూ, జలీల్ పరుపు గోడకేసి కొడుతూ అలాగే కూర్చుండిపోయింది. మీకు తంతి ఇచ్చాం. అందలేదనుకుంటాను. అందలేదనే అనుకుంటున్నాను.

నవ్వుతూ పోయిందని రాయను, నొప్పితోనే పోయింది. కానీ ఎదురుచూస్తూ పోయింది. పండుగకు పరిచే సుఫ్రా గుడ్డ మీద జలీల్ గిన్నె కూడా పెట్టమని ఆ ఉదయమే నాతో అంది. ఆమెకు ఆ నాలుగు నెలలు ఇచ్చింది మీరే. ఆ రుణం నేను ఎన్నటికీ తీర్చుకోలేను.

మొన్న నలభయ్యో రోజు చేశాం. రాయి పరిచారు. అందరిలాగే నేనూ రెండు వేళ్ళు రాయి మీద ఆనించి, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా చదివి లేచాను. నాన్న మాత్రం వేళ్ళు తీయలేదు. ఎండకు రాయి కాలిపోతోంది, జనం వెళ్ళిపోతున్నారు, ఆయన అలాగే కూర్చున్నాడు. చివరికి భుజం పట్టి లేపాను. "ఇంకోడికి కూడా చదువుతున్నా" అన్నాడు. ఎవరికని అడగలేదు, వాళ్ళ నాన్నకేమో అనుకున్నాను.

మీరొస్తారని వాకిట్లో ఒక జత చెప్పుల చోటు ఖాళీగా ఉంచాను.

ఎస్మత్


మేబోద్,
8 షహ్రీవర్ 1369

ఫత్తాహ్ అన్నకు,

మీ నుంచి జవాబు లేదు. అయినా రాయకుండా ఉండలేను. యుద్ధ ఖైదీలు తిరిగి వస్తున్నారు! మీ ఊళ్ళోనూ ఈ పాటికి వచ్చే ఉంటారు. ఇక్కడ సరాయి ముందు కమాను కట్టారు, పచ్చి కొమ్మలు, రంగు దీపాలు. పాత సత్రం గోడ మీద పిల్లలు కోతుల్లా ఎక్కి కూర్చుని, దుమ్ము కనపడితే చాలు బస్సు బస్సు అని అరుస్తున్నారు. మొదటి బస్సులో నలుగురు దిగారు. అందులో ఒకతన్ని కన్నతల్లే పోల్చుకోలేకపోయింది. అతను తన చిన్నప్పటి ముద్దుపేరు చెబితే అప్పుడు పట్టుకుని కూలబడింది.

రోజూ సాయంత్రం నాన్నా నేనూ అక్కడే ఉంటున్నాం. పాపం ఆయన్ని ఒక్కణ్ణే పంపలేను కదా. ఆయన కర్ర తీసుకుంటే నేను చాదర్ వేసుకుంటాను. దిగిన ప్రతివాడికీ నేను జలీల్ ఫొటో చూపిస్తాను. నాన్న ఎవరినీ ఏమీ అడగడు. నా వెనక నిలబడి ఉంటాడు. ఆశ ఎక్కువైనా మనిషి ఇలాగే అయిపోతాడేమో.

ఒకతను చెప్పాడు, పేర్లు ఎక్కించకుండా దాచిపెట్టిన శిబిరాలు ఉన్నాయట. కాబట్టి మీరు చూసింది చాలా ముఖ్యం. ఏ రోజు, ఏ వేళ, ఎటు నడిపించుకుపోయారు, వాళ్ళ దుస్తులు ఎలా ఉన్నాయి, అన్నీ వివరంగా రాసి పంపండి. సాక్షిగా మీ పేరు ఖైదీల కార్యాలయంలో ఇచ్చి వచ్చాను.

జలీల్ గదికి సున్నం వేయించాను.

ఎస్మత్


మేబోద్,
30 షహ్రీవర్ 1369

అన్నా,

బస్సులు తగ్గిపోయాయి. నిన్న ఒకటే వచ్చింది, ఇద్దరే దిగారు. కమాను మీద కొమ్మలు ఎండిపోయాయి.

నాన్న కాళ్ళు వాచాయి. అయినా వస్తున్నాడు. నిన్న తిరిగి వస్తూ మంచు గుమ్మటం దగ్గర రెండుసార్లు కూర్చున్నాడు. నేనేం చేయను? ఆయన్ని ఆగమనడానికి నాకు నోరు రావడం లేదు.

మీరు చూశారు కదా? ఒక్క ముక్క రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఎస్మత్


జంజాన్,
12 మెహర్ 1369

చెల్లెమ్మా,

ఇది ముందు నువ్వు ఒక్కదానివే చదువు.

జలీల్ చేతులెత్తలేదు. ఎవరి వెంటా నడవలేదు. ఆ ఉప్పు నేల మీద మేమంతా వెనక్కి పరుగెడుతుంటే ముందు నా కాలికి తూటా తగిలింది. నాకంటే చాలా ముందున్న జలీల్ తిరిగి వచ్చాడు. నన్ను వీపున వేసుకుని మట్టిగట్టు దాకా మోశాడు. నన్ను దించడానికి వంగినప్పుడు వాడికి తగిలింది, కడుపులో.

కడుపు గాయానికి నీళ్ళు ఇవ్వకూడదని మాకు నేర్పారు. ఇస్తే చస్తారన్నారు. వాడు అడుగుతూనే ఉన్నాడు. "ఒరే చెప్పులోడా, ఒక్క గుక్కరా" అన్నాడు. సీసా నా నడుముకే ఉంది, సగం నిండుగా ఉంది. బతికించుకుందామని ఇవ్వలేదు. మధ్యాహ్నం వేళకు పోయాడు. ఇవ్వకపోయినా పోయాడు. ఉస్తా గారు నీళ్ళ గురించి అడిగినప్పుడు ఆ మూడు వాక్యాలు రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. అవి కూడా అబద్ధాలే.

బండి వచ్చింది. ఊపిరి ఉన్నవాళ్ళకే చోటు అన్నారు. నన్ను ఎక్కించారు. వాడిని గట్టు నీడకు జరిపి, మొహం మీద నా చొక్కా కప్పాను. నేను చేసింది అంతే.

మీ ఇంటికి నిజం చెబుదామనే వచ్చాను. గిన్నె పట్టుకున్న ఆ చేతులు చూసి వేరే మాట చెప్పాను. అమ్మ మంచి కోసమే అబద్ధం ఆడానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మ పోయాక ఆ సాకు కూడా పోయింది. తంతి అందింది. అయినా రాలేదు, రాయలేదు. నీళ్ళివ్వనివాడు అని మీరు నన్ను చూసే చూపుకు భయపడ్డాను. నా భయం కోసం నిన్ను రోడ్డు మీద నిలబెట్టాను. ముసలాయన్ని నిలబెట్టాను. నాకు క్షమాపణ అడిగే మొహం లేదు.

జలీల్ మణికట్టుకు నీలం నూలు పోగు కట్టుకునేవాడు, మీ మగ్గం మీదిదే అట. దాన్ని నా తోలు కత్తితో కోసి తెచ్చాను. మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ అది నా జేబులోనే ఉంది. ఇందులో పెడుతున్నాను.

ఫత్తాహ్


మేబోద్,
6 ఆబాన్ 1369

ఫత్తాహ్ అన్నకు,

పైన 'అన్న' అనే ఈ పిలుపు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి రాశాను.

మీ ఉత్తరం మూడు రోజులు నా దగ్గరే దాచాను. ఆ మూడు రోజులూ ఏమీ ఎరగనట్టు సరాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాలుగో రోజు నా వల్ల కాలేదు. నాన్న కర్ర పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"ఏందే, చాదర్ వేసుకోవా? పొద్దు వాలతాంది."

"నేను రాను నాన్నా."

"ఇయ్యాలేనా? రేపు కూడా రావా?"

"ఇంకెప్పుడూ రాను."

ఆయన కర్ర గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పాడు. ఆ వాచిన పాదాలు రెండు చేతులతో నొక్కుకుంటూ, "అయితే జంజాన్ అబ్బాయి రాశాడన్నమాట" అన్నాడు.

నీకెలా తెలుసని అడిగాను.

"వాడొచ్చిన రోజే తెలుసు. మాళిగలో పేరు చూపించా గదా. నేను పైకి చూస్తన్నా అనుకున్నాడు. రెండు వేళ్ళు పేరు మీద ఆనించి పెదాలు కదిపాడు. బతికున్నోడి పేరైతే అరచేత్తో నిమురుతాం గానీ, అట్టా వేళ్ళు పెట్టి ఎవరన్నా చదువుతారా ఏందే? అది సమాధి రాయి మీద చేసే పని. వాడు చేశానని వాడికే తెలవదు. చెయ్యి దానంతటదే పోయింది, పాపం."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"పైన మీ అమ్మ దుప్పట్లు ఎండకేస్తా ఉండె. ఎట్టా చెప్పమంటావ్?"

"అమ్మ పోయాక? ఏడు వారాలు ఆ ఎండలో, ఆ దుమ్ములో, ఈ కాళ్ళతో ఎందుకొచ్చావు నాన్నా?"

"నువ్వు పోతన్నావు గదే" అన్నాడు. "ఫొటో పట్టుకుని అందరి మొహాల్లోకి చూస్తా ఆడ నువ్వొక్కదానివే నిలబడితే నేను ఇంట్లో ఎట్టా కూర్చుంటా?"

అన్నా, నేను ఆయన కోసం వెళ్తున్నానని మీకు రాశాను. ఆయన ముసలితనం మీద జాలిపడ్డాను. చూడండి ఎంత తెలివితక్కువదాన్నో.

మీ ఉత్తరం మొత్తం చదవమన్నాడు. చదివాను. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి లేచి వాకిట్లోకి వెళ్ళాడు. తొట్టి దగ్గర చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. తిరిగి వచ్చి, "వాడు అడిగిన మాట మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "చెప్పులోడా అన్నాడా" అని, ఇన్నాళ్ళకు మొదటిసారి ఏడ్చాడు.

నేను నాన్నంత మంచిదాన్ని కాను. మీ మీద నాకు కోపం ఉంది. నీళ్ళకు కాదు. సున్నం వేసిన ఆ గదికి, నేను ఫొటో చూపించిన ఆ మనుషుల చూపులకు. అది ఎప్పుడు తగ్గుతుందో నాకు తెలియదు. తగ్గలేదు కాబట్టే రాస్తున్నాను. తగ్గిందని మీకు అబద్ధం చెప్పను. మన మధ్య ఇప్పటికే చాలా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే నాన్న మాళిగలోకి దిగాడు. తాళ్ళు లాగడానికి నేను కూర్చున్నాను, ఒకప్పుడు జలీల్ కూర్చున్న పలక మీద. తొమ్మిది రోజులు పట్టింది. ఆత్మకు శాంతి కోరే దువా. మీరు పంపిన పోగును ఉతకనివ్వలేదు. ఉన్నది ఉన్నట్టుగానే ఆఖరి వరుసలో కలిపి, ఇనుప దువ్వెనతో గట్టిగా కొట్టాడు. ఎక్కడుందో ఇప్పుడు నేను కూడా చూపించలేను. మొన్న శుక్రవారం మగ్గం నుంచి కోసి, మసీదులో కుడివైపు స్తంభాల మధ్య పరిచారు. అక్కడి నుంచి దాన్ని ఎవరూ తీయకూడదు. మాకు సమాధి అంటూ ఉంటే ఇక అదే.

ఇవి నాన్న చెప్పినవి. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఒక్క మాట కూడా మింగలేదు:

"అబ్బాయ్, దానిమ్మలు పండినయ్. రా. ఈసారి వేళ్ళు పెట్టడానికి నేను ఎప్పుడు పైకి చూస్తానా అని కాచుకోమాక. నా పక్కన కూర్చో, ఇద్దరం కలిసి పెడదాం. కూజాలో నీళ్ళు నేను తెస్తా. ముందు నువ్వు తాగు."

ఎస్మత్